ఫైలకాలో రాళ్లు తిరగేసిన రోజు

మా పెద్ద మామా నన్ను సమాధుల మీద రాళ్లు ఎత్తమన్న రోజున, ఈ ఉద్యోగానికో దణ్ణం పెట్టి ఇంటికి పోదామని నిజంగానే అనుకున్నాను. కువైట్ వచ్చాక నేను చూడని చోద్యం లేదనుకునేదాన్ని. అప్పటిదాకా నేను చూసింది ఏమీ లేదని ఆ రోజు తెలిసింది.

పెద్ద మామా అంటే నేను చూసుకునే ముసలావిడ. ఇక్కడ పనిచేసే ఇంటి యజమానురాలిని మామా అంటాం. మా ఇంట్లో కోడలు మామా కాబట్టి అత్తగారికి నేనే 'పెద్ద' తగిలించాను. మొదట్లో ఆ మాటకి ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. అర్థం చెప్పాక తెగ నచ్చేసింది. ఇప్పుడు చుట్టాలు ఫోన్ చేస్తే అరబ్బీ మధ్యలో "పెద్ద మామాని మాట్లాడుతున్నా" అని దర్జాగా అంటుంది. ఆవిడకు స్నానం చేయించడం, వేళకి మందులివ్వడం, చక్రాల కుర్చీలో తిప్పడం, అలిగితే బతిమాలడం నా పని. ఆఖరిదే ఎక్కువ.

మేముండేది అబూ హలీఫాలో. మేడ మీదికి వెళ్తే సముద్రం కనపడుతుంది గానీ ఆవిడ పుట్టిన దీవి కనపడదు. అయినా సాయంత్రం కుర్చీ ఉత్తరం వైపు తిప్పమనేది. అటు చూస్తే పెద్ద పెద్ద భవనాలు, వాటి వెనక ఇంకా పెద్ద భవనాలు. "ఏం కనిపిస్తుంది మామా?" అని ఏడిపించేదాన్ని. "ఫైలకా" అనేది, నేనే గుడ్డిదాన్నన్నట్టు.

ఫైలకా మనుషులు తరతరాలుగా ఆ దీవిలోనే పుట్టి, చేపలు పట్టుకుని, ముత్యాల కోసం మునిగి, ఉన్న కాస్త నేలలో గోధుమ పండించుకుని బతికారట. వాళ్ల కాళ్ల కింద అంతకంటే పాత మనుషుల ఊళ్లున్నాయి. వేల ఏళ్ల నాటి గుడి, గ్రీకుల కోట, ఇంకా ఏవేవో. చలికాలం వస్తే విదేశాల నుంచి తవ్వేవాళ్లు దిగేవారట. దీవివాళ్లకు మాత్రం అవన్నీ ఇంటి పెరట్లో పడున్న రాళ్లు. మాది గోదావరి లంక. మా లంకలో గోడ కట్టాలంటే ఇటుకలు పడవ మీద తెచ్చుకోవాలి. వీళ్లకేం, అడుగు తవ్వితే నున్నగా చెక్కిన రాయి తయారుగా ఉండేది. ఆ రాళ్లే గుమ్మాలు, ఆ రాళ్లే మెట్లు. ఎవరూ తప్పనుకోలేదు.

తర్వాత పక్క దేశం సైన్యం వచ్చి పడింది, యుద్ధం వచ్చింది. దీవి మొత్తాన్నీ ఖాళీ చేయించి పడవల్లో ఇటు పంపేశారు. యుద్ధం అయిపోయినా మళ్లీ కాపురాలు అటు వెళ్లలేదు. ఇవన్నీ ఆవిడ పదే పదే చెప్పేది. నేను ఊకొడుతూ నా పని చేసుకునేదాన్ని.

ఒక రోజు సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ఆవిడ మోకాళ్లకు నువ్వుల నూనె రాస్తున్నాను. వచ్చే నెలలో గుండెకు ఆపరేషన్ అని డాక్టర్లు చెప్పిన వారం అది. ఆవిడ ఉన్నట్టుండి, "నాకు మొదట ఆడపిల్ల" అంది. నా చెయ్యి ఆగిపోయింది. ఆవిడకు ఉన్నది ఒక్కడే కొడుకు, మా బాబా, అంటే ఇంటి యజమాని. ఇంట్లో ఏ గోడ మీదా ఆడపిల్ల ఫొటో లేదు, ఏ కబుర్లలోనూ ఆ ఊసు లేదు.

ఆ పిల్ల పురుడు తీరకముందే పోయిందట. తర్వాత పుట్టే పిల్లల ముందు పోయిన పసిదాని మాట ఎత్తకూడదని తన అత్తగారు చెప్పిందట. ఆవిడ ఎత్తలేదు. కొడుకు పెరిగాడు, తాత కూడా అయ్యేలా ఉన్నాడు, ఇప్పటికీ తెలియదు. ఫైలకాలో సమాధి మీద పేరు రాయరు. సముద్రం ఒడ్డున దొరికే రాయి ఒకటి తల వైపు పెడతారు, అంతే. కానీ ఆవిడ మొగుడు బయటి రాయి తేలేదట. ఇంట్లో మంచినీళ్ల కుండ కింద, తాతల నాటి నుంచి పీటలా వాడుతున్న చెక్కుడు రాయి ఉండేది. దాని మీద ఒక పువ్వు. ఎన్నో కుండల అడుగులు రాసుకుని రాసుకుని ఆ పువ్వు చుట్టూ గుండ్రంగా గీత పడిపోయింది. ఒక రేకు విరిగింది. ఆ రాయినే మోసుకెళ్లి పిల్ల తల వైపు పరిచాడట. అత్తగారు ఒక్క మాట అనలేదట. ఆ రోజు నుంచి కుండను ఉత్త నేల మీదే పెట్టుకుందట.

"ఆపరేషన్ బల్ల ఎక్కే ముందు నన్ను ఒకసారి దాని దగ్గర కూర్చోబెట్టు. కొడుక్కి చెప్పకు" అంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. సరేనన్నాను. అదే నేను చేసిన పొరపాటు, ఎందుకంటే సరేనన్నాక ఆవిడ నన్ను బతకనివ్వలేదు.

గాలి మార్పు కోసమని చెప్పి బాబా దగ్గర అనుమతి సంపాదించాం. మమ్మల్ని తీసుకెళ్లింది మా ఇంటి డ్రైవరు, జగిత్యాల అబ్బాయి. నన్ను అక్కా అంటాడు, ప్రతిదానికీ భయపడతాడు. సముద్రం మీద పడవ ఊగినంతసేపూ పెద్ద మామా హాయిగా గింజలు కొరుక్కుంటూ కూర్చుంది. వీడేమో కళ్లు మూసుకుని హనుమంతుణ్ణి తలుచుకున్నాడు.

దీవి దిగి వ్యాను మాట్లాడుకున్నాం. కాస్త దూరం పోయాం. రోడ్డుకి రెండు వైపులా ఇళ్లున్నాయి, మేడలున్నాయి, బడి ఉంది, మనిషి లేడు. గోడల నిండా తూటాల కన్నాలు. కిటికీలున్న చోట బొక్కలు. ఒక ఇంటి మేడ సగం కూలి, మెట్లు మాత్రం ఆకాశంలోకి ఎక్కుతున్నాయి. ఇన్నాళ్లుగా ఆవిడ ఫైలకా ఫైలకా అంటుంటే ఏదో మా లంకలాంటి పచ్చటి ఊరు ఊహించుకున్నాను. ఊరు ఊరంతా చచ్చిపోయి నిలబడి ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. పెద్ద మామా మాత్రం చేత్తో చూపిస్తూ పోయింది. ఇది మేనమామ ఇల్లు, ఇక్కడ రొట్టెల పొయ్యి, ఈ గుమ్మంలో నా పెళ్లి పాటలు పాడారు. ఆవిడ గొంతులో వణుకు లేదు. వణుకంతా నాకే.

శ్మశానం చుట్టూ మోకాలెత్తు గోడ ఉంది. లోపల ఇసుక, ఇసుకలో రాళ్లు. అన్నీ ఒకలాంటివే. కొన్ని నిలబడి, కొన్ని ఒరిగి, కొన్ని పడిపోయి ఉన్నాయి. మా దగ్గర సమాధుల పండక్కి సున్నం వేసి, పేర్లు దిద్ది, కొవ్వొత్తులు వెలిగిస్తాం. చిన్నపిల్ల కూడా వాళ్ల తాత సమాధి ఏదో చూపించగలదు. ఇక్కడ ఎవరు ఎవరో ఎలా తెలుస్తుందిరా దేవుడా అనుకున్నాను.

"సముద్రం వైపు గోడ దగ్గర" అంది పెద్ద మామా. అటు తీసుకెళ్లాం. గోడను చేత్తో తడిమి చూసి, "ఇది కొత్త గోడ" అంది. పాత గోడ ఎక్కడుండేదో ఆవిడకు తెలియలేదు. అప్పుడు నా వైపు తిరిగి అంది.

"రాళ్లు ఎత్తి చూడు. పువ్వు కింద వైపు ఉంటుంది."

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పింది. పువ్వున్న వైపు నేలకి ఉండేలా బోర్లా పరిచాడట ఆయన. పైకి మామూలు రాయిలా కనపడుతుందట. సమాధి మీద బొమ్మేమిటని పెద్దలు తిడతారని భయపడి ఉంటాడనుకున్నాను. ఎందుకైతేనేం, ఇప్పుడు నేను, సిలువ మెళ్లో వేసుకున్నదాన్ని, వాళ్ల శ్మశానంలో ఒక్కొక్క సమాధి రాయీ తిరగెయ్యాలన్నమాట.

డ్రైవరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అక్కా, గిదేం పని? సమాధుల మీది రాళ్లు ఎవరన్న లేపుతరా? ఎవడన్న జూసిండనుకో, మన పని ఖలాస్. సీదా ఎయిర్‌పోర్టుకే తోలుతరు."

"నాకేమన్నా సరదానా తమ్ముడూ! మనం ఎత్తకపోతే ఆవిడే దిగి ఎత్తేలాగుంది. ముందు ఆ కుర్చీ పట్టుకో" అన్నాను.

అనడమే ఆలస్యం, ఆవిడ నిజంగానే కుర్చీలోంచి జారి ఇసుకలో మోకాళ్ల మీద పడింది. నేను నూనె రాసి రాసి కాపాడుకొస్తున్న మోకాళ్లు. నాకు ఒళ్లు మండిపోయి, యజమానురాలని కూడా చూడకుండా అరిచేశాను. ఆవిడ వినిపించుకోలేదు. దగ్గరున్న రాయిని రెండు చేతులా పట్టుకుని లాగుతోంది. ఇక చేసేది లేక మేమిద్దరం ఎత్తడం మొదలుపెట్టాం. ప్రతి రాయికీ క్షమించమని చెప్పుకుని ఎత్తడం, అడుగు చూడటం, మళ్లీ ఎలా ఉందో అలాగే పెట్టడం. కింద తడి ఇసుక, చీమలు, ఒక చోట తేలు. పువ్వు లేదు. పిల్లల సమాధులు చిన్నవని చిన్న రాళ్లన్నీ చూశాం, పెద్దవీ చూశాం. ఎంతమంది పసివాళ్లో అక్కడ. నేను లెక్కపెట్టలేదు, లెక్కపెట్టే ధైర్యం లేదు.

తిరుగు పడవ వేళయింది. ఆవిడ చేతుల ఇసుక దులుపుతూ, ఏదో ఓదార్చాలి కదా అని మా నాన్న సంగతి చెప్పాను. మా లంకలో శ్మశానం గట్టు వరదకి కోసుకుపోయింది, నాన్న సమాధి గోదాట్లో కలిసిపోయింది అని. "మరి ఎక్కడికి వెళ్లి ఏడుస్తావు?" అని అడిగింది. "ఏటి ఒడ్డుకి" అన్నాను. "నీకు ఏరైనా ఉంది" అంది.

మర్నాడు మందులు మింగలేదు. ఆ మర్నాడూ మింగలేదు. ఆపరేషన్ వద్దంది. బాబా వచ్చి కూర్చుని ఎంత అడిగినా, "దాని చోటు తెలియకుండా నేను బల్ల ఎక్కను" అని ఒకటే మాట. దేని చోటు అంటే చెప్పదు. బాబా మంచివాడే గానీ కోపం వస్తే కళ్లు ఎర్రబడతాయి. నన్ను హాల్లోకి పిలిచి, "మా అమ్మని అక్కడికి తీసుకెళ్లి ఏం చేశారు?" అని నిలదీశాడు. నాకు రెండు దారులు కనిపించాయి. ఆవిడకు ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం, ఆవిడ ప్రాణం నిలబెట్టడం. ఆయన్ని తిన్నగా ఆవిడ మంచం దగ్గరికే తీసుకెళ్లి, ఆవిడ ఎదురుగానే చెప్పేశాను. ఆవిడ నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

బాబా మంచం అంచున కూర్చున్నాడు. నెరిసిన గడ్డం మనిషి, చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని. "ఆ పువ్వు ఎలా ఉంటుంది?" అని అడిగాడు.

పెద్ద మామా గోడకే చెప్పింది. వెడల్పు రేకులు. ఒకటి విరిగింది. చుట్టూ కుండ అడుగు గీత.

బాబా జేబులోంచి ఫోన్ తీసి ఫొటోలు వెనక్కి తోస్తూ పోయాడు. ఒక చోట ఆగి, ఫోన్ నా చేతిలో పెట్టాడు. పాత ఫొటో. బాబా పిల్లలు చిన్నప్పుడు, బడి బట్టల్లో, మ్యూజియంలో ఒక అద్దాల పెట్టెకు రెండు పక్కలా నిలబడి పళ్లికిలిస్తున్నారు. పెట్టెలో దీపం వెలుగులో ఒక రాయి. రాయి మీద పువ్వు. పువ్వు చుట్టూ గుండ్రటి గీత. ఒక రేకు లేదు.

శ్మశానంలో నేను భయపడ్డానుగానీ, అది వేరు. ఇది వేరు. మేనత్త సమాధి రాయి పక్కన ఆ పిల్లలు రెండు వేళ్లు చూపిస్తూ నవ్వుతున్నారు. ఆ ఫొటో ఈ ఇంట్లో అందరూ ఎన్నోసార్లు చూసుంటారు. పెద్ద మామా కూడా మనవల ముఖాలే చూసి ముద్దు పెట్టుకుని ఉంటుంది. ఫోన్ ఆవిడకు చూపించాలా వద్దా అని బాబా నా వంక చూశాడు. ఈలోపు ఆవిడే ఇటు తిరిగి చెయ్యి చాపింది.

ఆవిడ ఏడవలేదు. ఫొటోని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, "యల్లా, పదండి, లేపండి నన్ను" అంది.

ఆ మ్యూజియం హాలు చల్లగా ఉంది. బాబా ముందే ఫోన్ చేసి ఉండటం వల్ల అక్కడి అధికారి ఒకాయన గుమ్మం దగ్గరే కలిశాడు. మర్యాదస్తుడు. ఇక్కడ పెద్దవాళ్లను పిలిచినట్టే పెద్ద మామాని యుమ్మా, అంటే అమ్మా, అని పిలిచాడు. పెట్టె పక్కనున్న పలక మీద రాసింది చదివి వినిపించాడు. రెండు వేల ఏళ్లకు పైబడిన రాయి, ఏదో కట్టడానికి అలంకారం. తర్వాతి కాలంలో ఎవరో మరో పనికి వాడిన గుర్తులున్నాయి. దొరికిన చోటు కచ్చితంగా తెలియదు.

"ఎవరో కాదు, నేనే" అంది పెద్ద మామా. "నేను, మా అత్త, వాళ్ల అత్త. మా కుండ దీని మీదే ఉండేది."

ఆయన ముఖం వెలిగిపోయింది. వంగి ఆ గీతను మళ్లీ చూశాడు. యుద్ధం అయ్యాక దీవిలో సైనికులు తవ్విన గోతులు పూడుస్తుంటే, ఒక గోతి అంచున అడ్డుగా పేర్చిన రాళ్లలో ఇది కనపడిందట. వాళ్లు దాన్ని ఎక్కణ్ణుంచి పెకలించుకొచ్చారో ఎవరికీ తెలియదట. "ఇన్నేళ్లుగా మేం అడుగుతున్నది ఒకటే యుమ్మా. ఇది ఎక్కడిది? మీరు చోటు చెబితే చాలు, మాకు ఎంతో మేలు" అన్నాడు.

పెద్ద మామా ఆయన్ని వింతగా చూసింది. "నాకు చోటు చెప్పేది ఈ రాయే కదా నాయనా" అంది.

రాయి ఏ చోటిదో ఆయనకు తెలియదు. ఆ చోటు ఎక్కడో ఈవిడకు తెలియదు. ఆయనకు కావాల్సింది ఈవిడ దగ్గర ఉందనుకున్నాడు, ఈవిడకు కావాల్సింది ఆయన దగ్గర ఉందనుకుంది. సైనికులు గుండ్లకు అడ్డంగా పసిపిల్ల తల దగ్గరి రాయిని పీకి పెట్టుకున్నారన్నది నాకు అప్పుడే బుర్రకెక్కింది.

బాబా మాత్రం ఆగలేకపోయాడు. ఆ రాయి ఇంటికి ఇచ్చేయమని గట్టిగానే అడిగాడు. పురాతన వస్తువులు దేశానివని, చట్టం అలా ఉందని అధికారి నెమ్మదిగా చెప్పాడు. "అది మా అక్క సమాధి రాయి!" అని బాబా అరిచాడు. అక్క అనే మాట ఆయన నోట అదే మొదటిసారి. అని, తనే ఉలిక్కిపడినట్టు ఆగిపోయాడు.

పెద్ద మామా కొడుకు చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. "ఇస్తే మాత్రం ఎక్కడ పెడతావు? ఏ ఇసుకలో పెడతావు?" అంది. తర్వాత అధికారితో, "ఉంచుకోండి. కానీ బోర్లా తిప్పండి" అంది.

ఆయన తెల్లబోయాడు. "తిప్పితే వచ్చినవాళ్లకు ఏం కనపడుతుంది యుమ్మా? పువ్వు కిందికి పోతుంది కదా."

"వాళ్లకు కనపడక్కర్లేదు. ఆ పువ్వు వాళ్ల కోసం పెట్టింది కాదు. మట్టిలో పడుకున్న పిల్లకు కళ్లెదురుగా ఏదో ఒకటి ఉండాలని, వాళ్ల నాన్న దాని వైపు తిప్పి పెట్టాడు."

పెద్దలకు భయపడి దాచాడని అనుకున్నాను నేను. ఆ ఎండలో అన్ని రాళ్లు ఎత్తి చూస్తూ కూడా అదే అనుకున్నాను. నా బుద్ధికి నాకే సిగ్గేసింది, ఆ తర్వాత ఏడుపాగలేదు. బాబా వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

అధికారి పెట్టెకున్న తాళం వంక చూశాడు. చివరికి, "తిప్పడం నా ఒక్కడి చేతిలో లేదు యుమ్మా. పైవాళ్లను అడుగుతాను. వాళ్లు ఒప్పుకుంటారని మాత్రం చెప్పలేను" అన్నాడు. హాలు మూల నిలబడ్డ కాపలా మనిషిని పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. ఆ మనిషి వెళ్లి గోడలో ఒక మీట నొక్కాడు. చుట్టూ పెట్టెలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. ఈ ఒక్క పెట్టెలో దీపం ఆరింది. పువ్వు కనపడకుండా పోయింది.

"నా చేతిలో ఉన్నది ఇంతే" అన్నాడాయన.

పెద్ద మామా ఆ చీకటి పెట్టె ఎదురుగా తను అనుకున్నంతసేపు కూర్చుంది. తర్వాత నా చేతి మీద తట్టి కుర్చీ తిప్పమంది. గుమ్మం దాటుతుంటే, ఆసుపత్రికి ఏ రోజు రమ్మన్నారని కొడుకుని అడిగింది.